రేపు రమ్మన్న మాట

2022 జూలై మొదలుకొని 2023 ఆగస్టు ఆఖరు వరకు, అంటే పధ్నాలుగు నెలల్లో, మా అన్న ఫోను నుంచి ముక్కూ మొహం తెలియని మనుషులకు ముప్పై ఒక్కసార్లు డబ్బు వెళ్ళింది. వాటిలో అతి చిన్న మొత్తం అయిదు వందల ఒక్క రూపాయి, అతి పెద్దది పదిహేను వేలు. అన్నీ కలిపితే లక్షా నలభై మూడు వేల ఆరు వందలు. మా అన్న కొడుకు బ్యాంకు నుంచి తెచ్చిన కాగితాలను నా ముందు పరిచినప్పుడు నేను రెండుసార్లు కూడి చూశాను. రెండుసార్లూ అదే వచ్చింది.

నేను ట్రెజరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి 2012లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రతి చెల్లింపుకూ ఒక కారణం రాసి ఉండాలన్నది నా అలవాటు. విచిత్రమేమిటంటే ఈ ముప్పై ఒక్క చెల్లింపులకూ కారణాలు ఉన్నాయి. కాగితాల మీద కాదు, మా అన్న నోట్లో. గోశాలకు గడ్డి. హుబ్బళ్ళిలో గుండె ఆపరేషనుకు ఎదురుచూస్తున్న పాప. అనాథ పిల్లలకు ఒక పూట భోజనం. వరదలో గోడ కూలిన ముసలామె. ఒక్కటి కూడా మరిచిపోలేదు. తేదీలు మాత్రం చెప్పలేకపోయాడు. వాటిని నేను కాగితం చూసి చెబుతుంటే ఆ డబ్బు ఎవరి కోసమో ఆయన చెబుతూ వచ్చాడు.

ఆ సాయంత్రం అన్న లోపలికి వెళ్ళాక, అన్న కొడుకు నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"చిన్నాయనా, నువ్వే చెప్పాలె. నేను చెప్తే, కొడుకు తండ్రిని గల్లా మీదికెళ్ళి దించిండని బజారంత అంటది. నువ్వు చెప్తే ఇంటడు."

"ఏం చెప్పమంటవు?"

"దీపావళి పూజ కాంచి గల్లా మీద నేను కూసుంట. నాయన ఇంట్ల ఉండనీ. ఫోను నాకిచ్చెయ్యనీ. గంతే."

కన్నడ సరిహద్దులో ఉన్న మా ఊరి బజారులో మాది తాళ్ళు, గోనెసంచులు, టార్పాలిన్ పట్టాలు అమ్మే దుకాణం. మా నాయన పెట్టాడు. 1971లో ఆయన పోయిన పదమూడో రోజున మా అన్న గల్లాపెట్టె పక్కన, యజమాని కూర్చునే పరుపు మీద కూర్చున్నాడు. అప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. యాభై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. చంద్రబండ రైతు మోకు కొనడానికి వచ్చినా, గబ్బూరు నుంచి జాతర పందిరికి పట్టాలు కావాలని వచ్చినా, ముందు ఆ పరుపు వైపు చూసి దండం పెట్టి తరవాత సరుకు వైపు చూసేవాళ్ళు. ఇంట్లో ఉండనీ అని కొడుకు అన్న మాటకు అర్థం నాకు తెలుసు. అన్నకు ఆ పరుపు తప్ప వేరే చోటు లేదు. ఆయన పేకాట ఆడడు, పేపరు చదవడు, గుడికి ఏడాదికి రెండుసార్లు పోతాడు.

"దీపావళి దాకా నాకు టైమియ్యి," అన్నాను. "ఆ లోపల లేదనడం నేర్పుత. నేర్చుకుంటే గల్లా ఆయనదే. లేకపోతే నీ ఇష్టం."

"డెబ్బై ఆరేండ్లకు నేర్చుకుంటడా?"

"నేర్పేటోన్ని నేను గద."

వాడు నవ్వాడు. "గది మాత్రం నిజం. పెన్ను గూడ మూత నీ దగ్గర్నే పెట్టుకొని ఇస్తవంట, చిన్నమ్మ చెప్పింది."

దీపావళి ఆ యేడు నవంబరు పన్నెండున. నాకు రెండు నెలలకు కాస్త ఎక్కువ గడువు ఉంది.

మా అన్న అమాయకుడు కాడు. మోకు బరువులో పావు కిలో తేడా వస్తే చేత్తో ఎత్తి చెప్పగలిగిన మనిషి. మరి ఆయన ఎందుకు ఇచ్చాడు? అది తెలుసుకోవడానికి నేను వారం రోజులు దుకాణంలో ఆయన పక్కనే కూర్చున్నాను. ఏడో రోజుకు గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక, చిన్నప్పటి నుంచి నా కళ్ళ ముందే ఉన్న సంగతి ఇంతకాలం ఎందుకు తట్టలేదా అనిపించింది.

మా బజారులో గల్లా మీద కూర్చున్నవాడి నోట 'లేదు' అన్న మాట రాకూడదు. సరుకు అయిపోతే నిండుకున్నది అనాలి. పొద్దున్నే ఎవరైనా చెయ్యి చాస్తే ఇంకా బోణీ కాలేదనాలి. బోణీ అయిన తరవాత చాస్తే, ఇవ్వదలచుకోకపోతే, రేపు రా అనాలి. లేదన్న ఇంట్లో లక్ష్మి నిలవదని పెద్దల నమ్మకం. దానికంటే పెద్ద కారణం మరొకటి ఉందని నేననుకుంటాను. అడిగినవాడి మొహం చూసి లేదనడం సిగ్గు. రేపు రా అంటే ఇద్దరి మర్యాదా నిలుస్తుంది.

అడిగేవాళ్ళకూ ఈ పద్ధతి తెలుసు. రేపు రమ్మన్నవాడి దగ్గరికి మరునాడు ఎవరూ రారు. జుమ్మేరాతు నాడు, అంటే గురువారం, సాంబ్రాణి పొగతో వచ్చే ఫకీరు కూడా, రేపు అని వినిపించగానే 'అచ్ఛా సేఠ్' అని నవ్వి పక్క దుకాణం మెట్లెక్కేవాడు. మళ్ళీ వారం అదే మొదటిసారి అన్నట్టు వచ్చేవాడు. అయితే మా దుకాణంలో ఈ పద్ధతికి రెండో సగం కూడా ఉంది. ఎవరైనా నిజంగానే మరునాడు వచ్చి, నిన్న రమ్మన్నారు కదా అని నిలబడితే, అప్పుడు ఇచ్చి తీరాలి. అది దానం కాదు, బాకీ. గల్లా మీది నుంచి ఇచ్చిన మాట, జబాన్ అది. నాకు తెలిసి అలా ఒక్కసారే జరిగింది. 1964లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఎక్కడి నుంచో వచ్చిన ఒక తోలుబొమ్మలవాడు ఆ మాట నమ్మి మరునాడు పొద్దున్నే మా మెట్ల మీద కూర్చున్నాడు. మా నాయన వాణ్ణి చూసి, "పాపం, ఊరికి కొత్త," అని గొణిగి, ఒక అర్ధరూపాయి, దానితో పాటు బొమ్మలు కట్టుకోవడానికి ఒక నులక చుట్టా ఇచ్చి పంపాడు.

ఫోనులో అడిగేవాళ్ళందరూ ఊరికి కొత్తవాళ్ళే. అందరూ మరునాడు వచ్చారు.

నేను పక్కన ఉండగానే ఒకటి మోగింది. అన్న దాన్ని చెవికి దూరంగా పట్టుకుంటాడు గనక నాకు స్పష్టంగా వినిపించింది. చదువుకున్న గొంతు, తీయగా ఉంది.

"నమస్తే సార్. నిన్న మాట్లాడాం కదా సార్, రేపు చూద్దామన్నారు. పిల్లలు సార్, మీ పేరు చెప్పుకుని ఎదురుచూస్తున్నారు."

"ఔనయ్యా, నేనే అన్న గద," అన్నాడు మా అన్న. అని, ఫోను మీద అరచెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు. "రేపని నేనే అన్న రా తమ్మీ. ఒచ్చిండు. ఇంకేం జేస్తం?"

"ఆయన రాలేదన్నా. ఫోను చేసిండు."

"ఫోనుల ఒచ్చిండు. రాలేదంటె ఎట్ల?"

నేను నాకు చేతనయిన పని చేశాను. ఆ కాగితాల్లోని నంబర్లన్నిటికీ నా ఫోను నుంచి చేసి చూశాను. చాలావరకు పనిచేయడం లేదు. కొన్ని మోగి మోగి ఆగిపోయాయి. ఇద్దరు ఎత్తి, నేను ఎవరో చెప్పగానే పెట్టేశారు. ఒక్క గోశాల మాత్రం నిజంగా ఉంది. అక్కడి మనిషి మా అన్న ఇచ్చిన రెండు వేలకు రసీదు ఫొటో పంపి, నన్నూ ఎంతో కొంత ఇమ్మన్నాడు. లేదని చెప్పి పెట్టేశాను. ఇదంతా అన్న ముందు పెట్టాను.

"ఒక్కటి నిజమే గద," అన్నాడు.

"ముప్పై ఒకటిల ఒకటే అన్నా."

"గా ఒక్కనికి లేదంటివి గద నువ్వు."

ఇలా కాదని సాధన మొదలుపెట్టాం. రోజూ దుకాణం తెరిచే ముందు, పొద్దున తొమ్మిదింటికి, నేను వాళ్ళ వంటింట్లో నిలబడి ఫోను చేసేవాణ్ణి. అన్న ముందరి అర్రలో మంచం మీద కూర్చుని ఎత్తేవాడు. మొదటి రోజు నేను గొంతు మార్చి, పట్టణపు భాషలో, "సార్, మేము వృద్ధాశ్రమం నుంచి మాట్లాడుతున్నాం," అన్నాను.

"చెప్పు తమ్మీ," అన్నాడు.

"నేను తమ్మున్ని కాదన్నా. అడిగేటోన్ని."

"నీ గొంతు నాకు తెల్వదారా? ఎంత కావాలె నీకు?"

"లేదను, అన్నా. లేదు, ఇయ్యను. ఫోను పెట్టెయ్యి. మూడు పనులు."

"నీకు ఇయ్యనంటె మా యమ్మ నన్ను చంపుతుండె. చిన్నోడు అడుగుతుండు, నీది నువ్వు ఇడిచిపెట్టు అనేటిది. నువ్వు అడుగుడు, నేను లేదనుడు, పుట్టినప్పటిసంది ఎన్నడన్న అయ్యిందా?"

వంటింట్లో నా పక్కన రొట్టెలు చేస్తున్న మా వదిన, తల ఎత్తకుండానే, "ఇద్దరు ముసలోళ్ళు ఒక్క గోడకు ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు నిలబడి ఫోన్లు మాట్లాడుడు చూస్తే, చుట్టాలు పిల్లనిచ్చిన సంబంధాలు గూడ ఎనక్కి తీసుకపోతరు," అంది.

పదిరోజులు పట్టింది, 'రేపు' అన్న మాట ఆయన నాలుక మీది నుంచి జరగడానికి. దాని చోట మొదట ఏదీ రాలేదు. ఫోను పట్టుకుని ఊరికే ఊపిరి పీల్చేవాడు. తరవాత, "నిండుకున్నదయ్యా," అన్నాడు. అది కుదరదన్నాను, రేపు నింపుతారేమోనని మళ్ళీ చేస్తారు. సెప్టెంబరు చివరికి, మొదటిసారి, "లేదయ్యా. ఇయ్యను," అన్నాడు నాతో. అని ఫోను పెట్టేశాడు. నేను వంటింట్లోంచి సంతోషంగా బయటికి వచ్చేసరికి, చెంబెత్తి గటగటా నీళ్ళు తాగుతున్నాడు.

తరవాత నిజం ఫోన్లు వచ్చాయి. నిజంగానే లేదన్నాడు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. పెట్టేశాక ఫోను వెనక్కి తిప్పి చూసి, "ఎవరు జేసిన్రో ఏమో," అన్నాడు. ఆ రకం ఫోన్లు నెమ్మదిగా తగ్గాయి. నిరాకరించేవాళ్ళ నంబర్లను వాళ్ళు తీసేస్తారనుకుంటాను. అక్టోబరు నెలకు బ్యాంకు కాగితం తెప్పించి చూశాం. అపరిచితుల పేర్లకు వెళ్ళిన డబ్బు సున్న.

నా ఉద్యోగంలో నేను చాలా సున్నలు చూశాను. ఇంత తృప్తినిచ్చినది మరొకటి లేదు. మా అన్న కొడుకు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇగ గల్లా నాయనదే," అన్నాడు. దీపావళికి పది రోజులుంది.

ఆ యేడు వానలు సరిగా పడలేదు. కాలువ చివరి పొలాలకు నీళ్ళు అందీ అందక, పోతనాళ వైపు క్యాంపుల నుంచి మా దుకాణానికి వచ్చే బేరం సగానికి సగం తగ్గింది. క్యాంపులంటే, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళు. వాళ్ళు మాకు పాత బేరగాళ్ళే గాని, ఏటా రెండుసార్లు, కోతల ముందు వచ్చి గోనెసంచులు తీసుకుని వెళ్ళిపోతారు. బజారు పద్ధతులు వాళ్ళకు పట్టవు.

నవంబరు మొదటి శుక్రవారం పొద్దున నేను దుకాణానికి వెళ్ళేసరికి అన్న కుదురుగా లేడు.

"నిన్న ఒకామె ఒచ్చింది తమ్మీ. క్యాంపోళ్ళు. మొగుని మీద ట్రాక్టరు పడ్డదంట, ఈడ దవాఖానల ఉన్నడంట. పైసలడిగింది."

"నువ్వేమన్నవు?"

"ఫోనుల కాదు గద, ఎదురుంగ నిలబడ్డది. నోట్లకెళ్ళి అదే ఒచ్చింది. రేపు రామ్మా అన్న."

"సరేతీయి. రేపు రమ్మంటే ఎవరొస్తరు?"

"ఆమెకు మన బజారు తెల్వదు రా."

నేను దాన్ని పట్టించుకోలేదు. ట్రాక్టరు మీద పడిందన్న కథ ఆ ముప్పై ఒక్క కారణాలలో కూడా రెండుసార్లు ఉంది.

పన్నెండు కావస్తుండగా ఆమె వచ్చింది. నలభై ఏళ్ళు ఉండవచ్చు. నూలు చీర, చేతిలో ఆసుపత్రి కాగితాలు పెట్టిన ప్లాస్టిక్ సంచి. మా అన్న కొడుకు అప్పుడు ఒక బేరగాడికి తాడు కొలిచి ఇస్తున్నాడు. నేను గల్లాకు ఇవతల కుర్చీలో ఉన్నాను. ఆమె మెట్లెక్కి, చెప్పులు కింద విడిచి, అన్నకు దండం పెట్టింది.

"నమస్కారం బాబాయిగారూ. నిన్న రమ్మన్నారు కదండీ."

మా అన్న చెయ్యి గల్లాపెట్టె తాళం మీదికి వెళ్ళింది. అది నేను చూశాను. తరవాత ఆయన నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు, సైగ కూడా చెయ్యలేదు. రెండు నెలలుగా గోడ అవతలి నుంచి అన్నది ఆయనకు సరిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లేదమ్మా. ఇయ్యను."

సరిగ్గా ఫోనులో చెప్పినట్టే చెప్పాడు. అదే గొంతు, ఆ రెండు మాటల మధ్య అంతే విరామం. ఒక్క తేడా, పెట్టెయ్యడానికి చేతిలో ఫోను లేదు. ఆమె ఎదురుగా నిలబడే ఉంది.

"ఇవ్వరాండీ?"

"లేదు."

ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. కాగితాల సంచిని చంకలో పెట్టుకుంది.

"ఆ మాట నిన్ననే చెప్పుంటే బాగుండేదండీ. మీరు, ఆ పక్కన ఇనప కొట్టాయన, ఎదర మందుల కొట్టాయన, రేపు రమ్మంటే రేపటికి సరిపోతాయి కదా అనుకున్నాను. బళ్ళారి తీసుకెళ్ళిపొమ్మన్నారండి డాక్టరుగారు. మా ఊరాయన కారు కూడా తెచ్చాడు నిన్న సాయంత్రం. ఒక్కరోజు ఆగు బాబూ, బజారులో పెద్దాళ్ళు రేపు రమ్మన్నారు, అక్కడికెళ్ళాక కట్టడానికి చేతిలో ఉంటాయి అని నేనే వెనక్కి పంపేశాను. ఇప్పుడు అందరూ మళ్ళీ రేపంటున్నారు. మీరొక్కరే లేదన్నారు." ఒక్క క్షణం ఆగింది. "పర్లేదండీ. చెప్పారు. అదే చాలు. ఉంటానండీ."

ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు. ఉండి ఉంటే మా అన్న ఈ రోజుకీ గల్లా మీద ఉండేవాడేమో.

ఆమె చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళాక గాని ఆయన కదలలేదు. అప్పుడు గల్లా తెరిచి, ఎంత ఉందో చూడకుండా పిడికెడు నోట్లు తీసి కొడుకు వైపు చాపాడు.

"ఉరుకు రా! గా క్యాంపామె, ఉరుకు! గట్ల చూస్తవేంది?"

వాడు కొలుస్తున్న తాడు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. పావుగంటకు చెమటలతో తిరిగి వచ్చాడు. శుక్రవారం సంత, పండగ ముందు బేరాలు, ఆటోలు, తోపుడుబళ్ళు. ఎటు పోయిందో కనపడలేదు. తాడు బేరగాడు అలాగే నిలబడి ఉన్నాడు. అతనికి ఏమీ అర్థం కాక, "చిల్లర ఎంత తక్కువ ఇచ్చినవేంది సేఠ్, ఆమెకు?" అన్నాడు నవ్వుతూ.

నేనూ, అన్న కొడుకూ అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాం. ట్రాక్టరు కింద పడిన మనిషి, పోతనాళ వైపు క్యాంపు, అన్నాను వార్డులో. పేరు చెప్పండి అన్నారు. పేరు మాకు తెలియదు. అటూ ఇటూ తిరిగితే చివరికి ఊడ్చే ఆవిడ ఒక ఖాళీ మంచం చూపించి, "ఈగ హోదరు సార్. ఎల్లిగో గొత్తిల్ల," అంది. ఇప్పుడే వెళ్ళిపోయారట, ఎక్కడికో తెలియదట. ఎలా ఉన్నాడని కన్నడంలో అడిగాను. ఆమె తన పొరక మీద రెండు చేతులూ పెట్టి నిలబడి, తల అడ్డంగా ఊపింది. తెలియదని ఊపిందో, బాగా లేడని ఊపిందో నేను నిర్ణయించలేకపోయాను. ఇప్పటికీ నిర్ణయించలేదు.

ఆదివారం పోతనాళ వెళ్ళాం. అక్కడ ఎరువుల దుకాణంలో అడిగాం, తరవాత రెండు క్యాంపుల్లో అడిగాం. రెండో క్యాంపులో టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి మా మాట ఓపికగా విన్నాడు.

"ట్రాక్టర్లు బోల్తా పడతానే ఉంటాయండీ ఇక్కడ. ఎవరో ఎలా చెప్పగలం? పేరేంటండీ?"

"తెలీదండీ."

"డబ్బులిద్దామని ఇంత దూరం వచ్చారు, మనిషి పేరు అడగలేదా?"

వెనక్కి వస్తూ బస్సులో నేను నా పద్ధతి ప్రకారం ఆలోచించాను. ఆమె మా దుకాణంలో రెండుసార్లు నిలబడింది. ఆ రెండుసార్లలో ఆమెను మేము అడగగలిగిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. నాకు ఆ ముప్పై ఒక్క నంబర్లూ ఇప్పటికీ నోటికి వచ్చు. ఎదురుగా వచ్చి నిలబడిన మనిషి గురించి మాత్రం నా దగ్గర ఒక్క వివరం కూడా లేదు.

అన్న మా కోసం ముందరి అర్రలోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. దొరకలేదని చెప్పాం. అప్పుడు ఆయన అడిగిన మాట నేను ఊహించనిది.

"తమ్మీ, నీకు హిసాబులు తెలుసు గద. నేను యాభై రెండేండ్లు రేపు రా అన్న. అందరు మన బజారోళ్ళే, అందరికి తెలుసు, ఎవరు రారు అనుకున్న. గిట్ల తెల్వనోళ్ళు ఎంతమంది ఉండొచ్చు? రేపటికి అని ఏదన్న ఆపుకున్నోళ్ళు?"

"అది చెప్పలేమన్నా. ఎవరన్న మళ్ళ వస్తే ఇద్దువు గద."

"ఒచ్చినోళ్ళ ముచ్చట కాదురా. ఇంకో దుకాణంల గూడ రేపనిపించుకొని, ఇంగ ఒద్దనుకొని పోయినోళ్ళు. అందాజ చెప్పు."

అందాజుగా కూడా చెప్పలేకపోయాను. జీవితమంతా లేని కాగితాలకు లెక్క కట్టనని అనేకమందితో అన్నవాణ్ణి. ఆ మాటే ఆయనతోనూ అన్నాను. మర్యాద అని ఆయన అర్ధశతాబ్దం పాటు నమ్మిన పని ఎవరికి ఏం చేసిందో ఆయన తెలుసుకోవాలనుకున్నాడు. ఆ ఒక్కటి చెప్పడం నా చేత కాలేదు.

మరునాడు ఆయన దుకాణానికి రాలేదు. మోకాలు నొప్పి అన్నాడు. ఆ మరునాడు కూడా రాలేదు.

దీపావళి సాయంత్రం పూజకు మాత్రం వచ్చాడు. మా అన్న కొడుకు పరుపుకు కొత్త తెల్లటి గలీబు కుట్టించాడు. గల్లాపెట్టెకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేశాడు. పురోహితుడు సిద్ధంగా ఉన్నాడు. అన్న కొడుకు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాయనా, కూసో. నేనే అడుగుతున్న. ఫోను గూడ నీ దగ్గర్నే ఉండనీ. ఎవరికి ఇయ్యాలంటె వాళ్ళకియ్యి. ఆమె సంగతి ఇడిసిపెట్టు."

"లేదు బిడ్డా. కూసోను."

"ఎందుకు కూసోవు? నా మీద కోపమా?"

"నీ మీద ఏం కోపం రా? ఔనంటె ఇల్లు మునుగుతది. రేపంటె వాళ్ళు మునుగుతరు. లేదంటె, ఆమె మొగం నువ్వు చూస్తివి గద. ఇంగ నాకు వేరే మాట రాదు. గల్లా మీద మూగోడు కూసుంటె ఏం బాగుంటది? నువ్వు కూసో. ముహూర్తం పోతది."

వాడు నా వైపు చూశాడు. ఆయన్ని దించవద్దని రెండు నెలల గడువు అడిగింది నేను. నేర్పుతానన్నది నేను. ఆయన నేర్చుకున్నాడు కూడా. తన కొడుకుతో, పండగ పూట, ఆ మాట అనడానికి ఈసారి నీళ్ళు కూడా తాగలేదు. పురోహితుడు గంట మోగించాడు. మా అన్న కొడుకు పరుపు మీద అంచున, పూర్తిగా ఆనకుండా కూర్చున్నాడు. మా అన్న గోనెసంచుల దొంతర పక్కన, బేరానికి వచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడి, హారతి కళ్ళకద్దుకుని, ప్రసాదం చేతిలో పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆయన రోజంతా ముందరి అర్రలో ఉంటాడు. ఫోను మోగితే మా వదిన ఎత్తుతుంది. కాళ్ళు చేతులు బాగానే ఉన్నాయి, జ్ఞాపకం కూడా చెక్కుచెదరలేదు. బేరం ఎలా ఉందని అడగడు. కోతలు మొదలయినాయా, సంచులు చాలుతున్నాయా అనీ అడగడు. సాయంత్రం నేను దుకాణం మీదుగా వెళ్ళి ఆయన దగ్గర కాసేపు కూర్చుంటాను. అడిగేది ఒక్కటే.

"ఇయ్యాల ఎవరన్న ఒచ్చిన్రా, అడగనీకి?"

"ఎవరు రాలేదన్నా," అంటాను.

తల ఊపి, కిటికీ వైపు తిరుగుతాడు. కొన్ని రోజులు ఆ మాట నిజమే. చాలా రోజులు అది అబద్ధం.